కాల్పుల వార్త చూశాక పాప బడికి వెళ్లనంటోంది: సమాధానం

డాలస్‌లో సెకండ్ గ్రేడ్ చదివే మీ పాప టీవీలో కాల్పుల వార్త చూసినప్పటినుంచి బడికి వెళ్లనంటోందని రాశారు. తనకి పొద్దున్నే వస్తున్న కడుపునొప్పి నటన కాకపోవచ్చు. భయం చిన్నపిల్లల్లో ఇలాగే బయటపడుతుంది. మీరు రాసినదాన్నిబట్టి మూలం హాల్లో ఆగకుండా మోగే టీవీ. ఒకే క్లిప్ పదిసార్లు వేస్తే, ఏడేళ్ల పిల్లకి అది పదిసార్లు జరిగినట్టే అనిపించొచ్చు. అమ్మమ్మగారి ఫోన్లో వాట్సాప్ వీడియోలూ అంతే.

1. పాప మెలకువగా ఉన్నంతసేపు వార్తలు బంద్. పక్క గదిలో కూడా.

2. చాలామంది వదిలేసేది ఇదే: మీరు వివరించకముందే అడగండి. "ఏం విన్నావమ్మా? ఎవరు చెప్పారు?" అని ఊరుకోండి. ఇంగ్లీషులో చెప్తే చెప్పనివ్వండి, తెలుగులో చెప్పమని ఆపొద్దు. తన బెంగ మీరు ఊహించింది కాకపోవచ్చు. "లాక్‌డౌన్ డ్రిల్‌లో బాత్‌రూమ్ వస్తే ఎలా?" అన్నదే కావచ్చు (బడిలోకి ఆయుధంతో ఎవరైనా వస్తే తలుపులు వేసుకుని దాక్కోవడం పిల్లలకి నేర్పే సాధనే ఈ డ్రిల్). దానికి మాత్రమే రెండు మూడు వాక్యాల్లో జవాబు చెప్పండి. అడగని వివరాలు వద్దు.

3. "అలా ఎప్పటికీ జరగదు" అని మాటివ్వకండి. డ్రిల్ చేసిన పిల్ల నమ్మదు. "తలుపులకు తాళం వేస్తారు, ఏం చేయాలో టీచర్‌కి తెలుసు, బడి వదిలేసరికి నేను అక్కడుంటా" అనండి. అన్నాక ఆలస్యం చేయొద్దు.

4. బడి మాన్పించకండి. ఒకరోజు మానితే మర్నాడు వెళ్లడం ఇంకా కష్టం. ముందురోజే స్కూల్ కౌన్సెలర్‌కి మెయిల్ పెడితే గుమ్మం దగ్గరికొచ్చి తీసుకెళ్లే ఏర్పాటు అడగొచ్చు.

రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి కుదుటపడకపోతే పీడియాట్రిషన్‌కి చూపించండి. ఈలోపే చచ్చిపోవాలనుందన్న మాట వస్తే ఆలస్యం చేయకుండా 988కి (అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం ఉన్నవాళ్లకి సాయం చేసే నంబర్) ఫోన్ చేయండి. 24 గంటలూ పలుకుతారు.