పప్పుచారులో కలిపే మాత్ర

ప్రశ్న: మావారికి 42 ఏళ్లు. రోజూ తాగుతారు, ఈమధ్య రాత్రికి హాఫ్ బాటిల్ దాకా వచ్చింది. మాత్ర పొడి చేసి పప్పుచారులో కలిపితే తెలియకుండానే మానేస్తారని పక్కింటావిడ ఒక స్ట్రిప్ ఇచ్చింది. పెట్టొచ్చా? అసలు ఈ మాత్రలు పనిచేస్తాయా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: వద్దమ్మా, కలపకండి. ఇలా చాటుగా కలిపేది ఎక్కువగా డైసల్ఫిరామ్. మద్యం ఒంట్లో ముందు అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. ఆ విషాన్ని విరిచే ఎంజైమును ఈ మాత్ర ఆపేస్తుంది. ఇక పెగ్గు పడిన కాసేపటికే ముఖం ఎర్రబడుతుంది, తలపోటు, వాంతులు, గుండెదడ వస్తాయి. బీపీ బాగా పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. తెలిసి వేసుకున్నవాళ్లు ఆ భయంతోనే గ్లాసు ముట్టరు. తెలియనివారికి భయమెక్కడిది?

ఆయన ఒప్పుకుంటే ముందు సైకియాట్రిస్టుకు చూపించండి. ఇంత తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించవచ్చు. అందుకే వారం రోజుల పాటు ఈ ఇబ్బందులు రాకుండా చూసే క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందులు ఇచ్చి, డోసు తగ్గిస్తూ ఆపుతారు. నీరసంగా ఉన్నాడని ఊళ్లోనే గ్లూకోజ్ ఎక్కించేస్తుంటారు. ముందుగా బి1 విటమిన్ ఇవ్వకుండా అలా చేస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆ తర్వాతే అసలు మందులు. డైసల్ఫిరామ్ అయితే లివర్, గుండె పరీక్షలు చేసి, చివరి చుక్క పడ్డాక కనీసం 12 గంటలు ఆగి, సాధారణంగా రోజుకు 250 మి.గ్రా. ఇస్తారు. పొద్దున్నే మీ కళ్లెదుట మింగాలి. ఆయన చేతికే వదిలేస్తే పెళ్లికో పండక్కో ముందు ఎగ్గొడతారు. పైగా ఆపేసినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్ కూడా తాగకూడదు. కళ్లు పచ్చబడితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నాల్ట్రెక్సోన్ (రోజుకు 50 మి.గ్రా.) మద్యం తాగితే వచ్చే హుషారును తగ్గిస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవారికి ఇవ్వరు. అకాంప్రొసేట్ మానేసినవారిలో తిరిగి తాగాలనే యావను తగ్గిస్తుంది. 333 మి.గ్రా. మాత్రలు పూటకు రెండు, మూడు పూటలా వేసుకోవాలి. మధ్యాహ్నం డోసే ఎక్కువగా మరిచిపోతారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి పనికిరాదు.

ఎంత పనిచేస్తాయంటే, అకాంప్రొసేట్ దాదాపు పన్నెండు మందికి ఇస్తే, ఆ మాత్ర లేకుంటే మళ్లీ తాగేవారిలో ఒకరు తాగకుండా ఆగుతారు. చిన్న లెక్కేమీ కాదు. కనీసం ఆరు నెలలు, కౌన్సెలింగ్‌తో కలిపి వాడాలి. రెండు వారాలు వేసి ‘పనిచేయలేదు’ అంటే ఆ తప్పు మాత్రది కాదు.

ఆయన రానంటే మీరే మద్యం, మత్తు అలవాట్లు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. ఇప్పటికే ఒకటో రెండో కలిపి ఉంటే డాక్టరు దగ్గర దాచకండి.