చైన్‌సా రిపేరు: బయటి పార్టు ఎక్కడ వేయవచ్చు, ఎక్కడ వేయకూడదు

జామాయిల్, సరుగుడు, సుబాబుల్ కోతలు చేయించే రైతులు, కోత మేస్త్రీలు, రిపేరు చేసే మెకానిక్‌లు పంపిన ప్రశ్నల్లో చైన్‌సా స్పేర్ల గురించినవి ఎక్కువగా ఉన్నందున, ఈ సంచికలో వాటికే జవాబులు ఇస్తున్నాము. బయటి పార్టు అంటే యంత్రం కంపెనీది కాక వేరే కంపెనీ చేసిన పార్టు.

ప్రశ్న: మాది జామాయిల్ కోత పని. మా 72 సీసీ చైన్‌సా పిస్టన్ పట్టేసింది (బోరులో కదలకుండా ఇరుక్కుంది). డీలరు కంపెనీ బోరు (సిలిండరు)-పిస్టన్ సెట్టే వేయాలంటున్నారు. స్పేర్ల దుకాణంలో బయటి సెట్టు అందులో నాలుగో వంతు ధరకే దొరుకుతోంది. వేయించవచ్చా?
— భద్రాచలం ప్రాంతం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఏ సెట్టు వేయించాలన్నది తర్వాతి మాట. పిస్టన్ ఎందుకు పట్టేసిందో ముందు తేల్చుకోండి. కారణం సరిచేయకుండా వేస్తే కంపెనీ సెట్టయినా కొద్ది రోజుల్లో అదే దారి పడుతుంది. సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే పిస్టన్ పక్క భాగం కనిపిస్తుంది. గీతలు సైలెన్సర్ వైపు ఎక్కువగా ఉంటే పెట్రోలులో ఆయిల్ చాలలేదని గాని, ఇంజను ఎక్కడో అదనంగా గాలి పీల్చడం వల్ల మిశ్రమం పలచబడిందని (గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని) గాని అనుకోవాలి. కార్బురేటర్ వైపు పిస్టన్ నిగారింపు పోయి సన్నగా అరిగి ఉంటే, ఎయిర్ ఫిల్టర్ సరిగా కూర్చోక దుమ్ము లోపలికి పోయిందని గ్రహించాలి.

ఆయిల్ పాళ్ల విషయంలో ఊహతో పోయవద్దు. 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40 మిల్లీలీటర్లు. మీ యంత్రానికి ఏ ఆయిల్‌తో ఏ పాళ్లు చెప్పారో మాన్యువల్‌లో ఉంటుంది. గాలి పీల్చడం మాత్రం కంటికి కనిపించేది కాదు. క్రాంకుకు (పిస్టన్ తిప్పే ఇరుసుకు) రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు గట్టిపడినా, కార్బురేటర్‌ను బోరుకు కలిపే రబ్బరు గొట్టం చీలినా పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది. అందుకే బోరు బిగించిన తర్వాత రంధ్రాలన్నీ మూసి, చేతి పంపుతో సుమారు 0.5 బార్ ఒత్తిడి పెట్టి పంపు మీటరు ముల్లు దిగకుండా నిలుస్తున్నదో లేదో చూడమని, ఆ తర్వాత లోపలి గాలి లాగి కూడా అలాగే పరీక్షించమని మీ మెకానిక్‌ను అడగండి. ఈ పరీక్ష చేయగల మెకానిక్ దొరికితే సెట్టు ఏ కంపెనీదన్న బెంగ సగం తీరినట్లే.

ఇక సెట్టు సంగతి. మీ పాత బోరును అప్పుడే పాత ఇనుము కింద వేయకండి. చైన్‌సా బోరు అల్యూమినియంతో పోతపోసి, లోపలి గోడకు క్రోమియం గాని, నికెల్-సిలికాన్ కార్బైడ్ గాని గట్టి పూతగా వేసినది. పిస్టన్ పట్టేసినప్పుడు గోడ మీద కనిపించే గరుకు చాలాసార్లు ఆ పూతకు తగిలిన దెబ్బ కాదు. మెత్తని పిస్టన్ అల్యూమినియం కరిగి పూతకు అంటుకున్న మరక మాత్రమే. పనితెలిసినవారు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని దూదిపుల్లతో ఆ మరక మీద మాత్రమే అద్ది, అల్యూమినియం కరిగాక బాగా కడిగి, సన్నని ఎమరీతో తుడుస్తారు. ఆమ్లం పూత లేని చోట, ముఖ్యంగా పోర్టుల (బోరు గోడలో గాలి, పొగ వచ్చిపోయే రంధ్రాల) అంచులకు తగిలితే బోరే తినేస్తుంది కాబట్టి ఇది గాలి ఆడే చోట, గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయవలసిన పని. తుడిచాక గోటితో నిలువునా గీసి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే, పూత లేచిన మచ్చ కనిపించకపోతే, ఆ బోరు ఇంకా పనికి వస్తుంది.

అప్పుడు మీరు కొనవలసింది పిస్టన్, రింగులు మాత్రమే. ఈ రెండింటిలో బయటి కంపెనీలలోనూ నమ్మదగినవి ఉన్నాయి. ఇటలీకి చెందిన మీటియర్ పిస్టన్లకు, అదే దేశానికి చెందిన కేబర్ రింగులకు చైన్‌సా మెకానిక్‌లలో మంచి పేరుంది. నా ఉద్దేశంలో శుభ్రం చేసిన కంపెనీ బోరులో మంచి బయటి పిస్టన్ వేయడం, పేరు లేని చవక సెట్టు మొత్తంగా వేయడం కంటే ఎన్నో రెట్లు మేలు.

బోరు నిజంగానే పాడై చవక సెట్టు తప్పనిసరి అయితే, బిగించే ముందు మూడు చోట్ల చూడాలి. మొదటిది పోర్టుల అంచులు. మంచి బోరులో ఈ అంచులను కొద్దిగా వాలుగా రాపిడి చేసి వదులుతారు. చవక బోరులో అంచు కత్తిలా ఉంటే, నిమిషానికి 12 వేల చుట్లు తిరిగే ఇంజనులో రింగు దానికి తగులుకుని విరుగుతుంది. రెండోది రింగు సందు. రింగును ఒక్కదాన్నే బోరులో సమంగా పెట్టి, దాని రెండు కొనల మధ్య ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలచని రేకులతో) కొలవండి. మీ యంత్రం బోరు 52 మిల్లీమీటర్లయితే ఆ సందు సుమారు 0.2 మిల్లీమీటర్లు ఉండాలి. సందే లేకపోతే వేడికి రింగు వ్యాకోచించి గోడను పట్టేస్తుంది. మూడోది పిస్టన్ పిన్నును ఆపే సర్‌క్లిప్పులు. పిన్నుకు అటూ ఇటూ ఉండే ఆ చిన్న తీగ చుట్టల్లో స్ప్రింగు గుణం చాలకపోతే ఒకటి ఊడి, పిస్టన్‌కూ గోడకూ మధ్య పడి, అంతవరకు పెట్టిన ఖర్చంతా పాడు చేస్తుంది. సెట్టు ఏదైనా సరే, క్లిప్పులు మాత్రం కంపెనీవే కొత్తవి వేయించండి. వాటికయ్యే ఖర్చు చాలా స్వల్పం. పిస్టన్ తల మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండేలా బిగించారో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: చైను, బారు (చైను చుట్టూ తిరిగే పొడవాటి పలక) బయటివి వేస్తే ప్రమాదమా? కొత్త చైను వేసిన వారంలోనే సాగిపోయి వదులవుతోంది.
— కందుకూరు ప్రాంతం నుంచి ఒక పాఠకుడు

జవాబు: చైను విషయంలో బయటిది అన్న మాటకు పెద్దగా అర్థం లేదు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే చైను రూపాన్ని 1947లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో జోసెఫ్ కాక్స్ అమ్మకానికి తెచ్చారు. ఆ కంపెనీయే ఈనాటి ఒరెగాన్. ఇలా చైన్లు, బార్లు చేయడమే వృత్తిగా ఉన్న కంపెనీ సరుకును మీ యంత్రం కంపెనీది కాదన్న కారణంతో వద్దనుకోవలసిన పని లేదు. చూడవలసింది కొలతలు. ఒకటి పిచ్: వరుసగా ఉన్న మూడు రివెట్లలో మొదటి దాని నుంచి మూడో దాని వరకు కొలిచి సగం చేస్తే వచ్చేది. 0.325 అంగుళాల పిచ్ అయితే అది సుమారు 8.25 మిల్లీమీటర్లు, 3/8 అయితే 9.3 నుంచి 9.5 వరకు ఉంటుంది. రెండోది గేజ్, అంటే బారు గాడిలో కూర్చునే లింకు మందం, 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. 1.6 గాడిలో 1.5 చైను వేస్తే అది పక్కకు వాలి, కోత వంకరపోయి, బారు పెదవులు ఒక వైపే అరుగుతాయి. మూడోది ఆ లింకుల సంఖ్య.

కొత్త చైను మొదటి కొన్ని గంటలు కొంత సాగడం సహజం. రోజూ సాగుతూనే ఉంటే ఉక్కు మెత్తనిదైనా అయి ఉండాలి, స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) అరిగినదైనా అయి ఉండాలి, లేదా బారుకు ఆయిల్ అందకపోవాలి. మెత్తని చైనును ఆకురాయితో రుద్దితే తెలిసిపోతుంది: పళ్లు జున్ను ముక్కలా తేలిగ్గా అరుగుతాయి, పెట్టిన పదును కొద్దిసేపటికే పోతుంది. స్ప్రాకెట్‌ను రెండు చైన్లకు ఒకసారి మార్చడం పాత లెక్క. దాని మీద గాడి పడినా కొత్త చైను వేస్తున్నారంటే ఆ చైను డబ్బు వృథా చేసుకుంటున్నట్లే. రోలు నుంచి కోసి దుకాణంలోనే రివెట్ కొట్టి ఇచ్చే చైనైతే, ఆ అతుకు దగ్గర లింకు మిగతా వాటిలాగే స్వేచ్ఛగా వంగుతున్నదో లేదో చేత్తో పట్టుకుని చూడనిదే డబ్బులు ఇవ్వకండి. సెకనుకు 20 మీటర్ల వేగంతో పరుగెత్తే చైను తెగితే వచ్చి తగిలేది పట్టుకున్నవాడి కుడి చేతికే.

ప్రశ్న: కార్బురేటర్ మొత్తం బయటిది మార్చాము. ఖాళీగా బాగా తిరుగుతోంది, చెట్టులో పెట్టగానే ఆగిపోతోంది.
— రాజమహేంద్రవరం నుంచి ఒక మెకానిక్

జవాబు: మిశ్రమం పలచగా ఉందని మీకూ తెలిసే ఉంటుంది. హెచ్ స్క్రూను (పూర్తి వేగంలో పెట్రోలు పాళ్లు సరిచేసే కార్బురేటర్ స్క్రూను) కొద్దికొద్దిగా విప్పుతూ, ఖాళీగా పూర్తి వేగంలో ఇంజను కొంచెం బొంగురుగా పలికి, కొయ్యలో దింపగానే ఆ బొంగురు పోయి శుభ్రంగా పలికే చోట ఆపండి. టాకోమీటర్ (ఇంజను చుట్లు కొలిచే మీటరు) ఉంటే మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ వేగం దాటనివ్వకండి. స్క్రూ తిప్పినా దారికి రాకపోతే ఆ కార్బురేటర్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) మీ ఇంజనుకు సరిపోయేది కాదు. అలాగే వాడితే పైన చెప్పిన పిస్టన్ కథే మళ్లీ మొదలవుతుంది.

పాత కార్బురేటర్ పారేయకపోతే దాని మీద చూడండి. చాలా చైన్‌సాలలో కంపెనీ వేసేది వాల్‌బ్రో లేక జామా కార్బురేటరే. ఒంటి మీద చెక్కిన నంబరును బట్టి అదే కంపెనీ డయాఫ్రం, గాస్కెట్లు, నీడిల్ కిట్టు తెప్పించి శుభ్రం చేసి వేస్తే చవక కార్బురేటర్ కంటే ఎంతో బాగా పనిచేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కాబట్టి చవక రబ్బరు డయాఫ్రంలు, పెట్రోలు పైపులు త్వరగా ఉబ్బి, గట్టిపడి పోతున్నాయి. పైపు కొనేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునేదని రాసి ఉన్నదే అడగండి. కోత లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా తిప్పి పెట్టమని ఖాతాదారులకు చెప్పండి.

ప్రశ్న: కంపెనీ డబ్బాలోనే డూప్లికేట్ వస్తోందట. ఎలా గుర్తించాలి?
— ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తన సొంత పేరు వేసుకుని అమ్మే బయటి పార్టు వేరు, ఇంకొకరి పేరు దొంగిలించి అమ్మే పార్టు వేరు. రెండోది 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నేరం. పార్టు నంబరును మాన్యువల్‌తోనో డీలరు జాబితాతోనో పోల్చుకోండి. చైన్‌సాలు చేసే స్టిల్ కంపెనీ తన పార్టుల మీద నంబరు, పేరు, ప్రత్యేక గుర్తు వేస్తుంది. చాలా చిన్న పార్టుల మీద ఆ గుర్తు ఒక్కటే ఉండవచ్చు. నంబరు రాసిన జీఎస్టీ బిల్లు ఇవ్వను అన్నచోట కొనవద్దు.

ప్రశ్న: డబ్బు లేదని ఖాతాదారు పట్టుబడితే మెకానిక్ ఏ పార్టు విషయంలోనూ కాదనకూడదా?
— నెల్లూరు ప్రాంతం నుంచి ఒక మెకానిక్

జవాబు: కాదనవలసినవి ఉన్నాయి. స్టార్టర్ తాడు, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు వంటివి మంచి బయటి కంపెనీవి నిస్సందేహంగా వేయండి. పిస్టన్ చెడితే యంత్రం ఆగుతుంది, అంతే. చైన్ బ్రేకు పట్టీ, దాని స్ప్రింగు, చైను తెగితే పట్టుకునే క్యాచర్, ట్రిగ్గర్ అనుకోకుండా నొక్కుకుపోకుండా ఆపే ట్రిగ్గర్ లాక్, క్లచ్చి స్ప్రింగులు చెడితే మనిషి గాయపడతాడు. బారు కొన పైభాగం కొయ్యకు తగిలితే యంత్రం ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది; ఆ క్షణంలో క్లచ్చి డ్రమ్మును పట్టి ఆపవలసింది ఆ పలచని ఉక్కు పట్టీయే. బ్రేకు ఊడదీసి ఇవ్వమని అడిగేవారూ ఉంటారు. అలాంటి యంత్రాన్ని రిపేరు చేసి ఇవ్వనని చెప్పేయండి.

క్లచ్చి స్ప్రింగు చవకది వేశారేమో తేల్చుకోవడానికి పరీక్ష సులువు. యంత్రాన్ని నేల మీద పెట్టి, బ్రేకు వదిలి, ఐడిల్‌లో (ట్రిగ్గర్ నొక్కకుండా ఇంజను తిరుగుతున్నప్పుడు) చైనును చూడండి. ఐడిల్ వేగం మాన్యువల్‌లో చెప్పినంతే ఉన్నా చైను కొద్దిగానైనా పాకుతుంటే ఆ స్ప్రింగులు తీసి కంపెనీవి వేయండి. ఐడిల్ స్క్రూ తగ్గించి సరిపెట్టవద్దు. మార్చిన పాత పార్టులను సంచిలో వేసి బిల్లుతో పాటు ఖాతాదారుకు ఇచ్చేయండి. ఏ పార్టు కంపెనీది, ఏది బయటిది అన్నది ఆ బిల్లు మీదే రాయండి.