టవల్ కార్డు చూసి ఎక్కువ డబ్బులివ్వాలా?

ప్రశ్న: మేడమ్, ఫ్రెండ్స్‌తో వైజాగ్ వెళ్లాం. హోటల్ బాత్రూంలో 'భూమిని కాపాడండి, టవల్ మళ్లీ వాడండి' అని కార్డు, దాని పక్కనే బుల్లి బుల్లి ప్లాస్టిక్ షాంపూ సీసాలు! ఇదంతా లాండ్రీ ఖర్చు మిగుల్చుకోడానికే అంటున్నారు మావాళ్లు. ఇలాంటి 'ఎకో' రూమ్‌కి ఎక్కువ రేటు పెట్టొచ్చా?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీవాళ్ల అనుమానం కరెక్టేనమ్మా, గ్రీన్‌వాషింగ్ (అంటే పర్యావరణానికి మేలు చేస్తున్నట్టు పైపైన బిల్డప్ ఇవ్వడం) అనే మాట 1986లో పుట్టిందే ఇలాంటి టవల్ కార్డుల మీద విమర్శగా. అయినా టవల్ మాత్రం మళ్లీ వాడండి, వాళ్ల ఉద్దేశం ఏదైనా నీళ్లూ కరెంటూ మిగలడం నిజమే కదా. 2008లో అమెరికాలో వచ్చిన ఓ స్టడీలో 'పర్యావరణం కోసం' అన్న కార్డు కన్నా 'ఇక్కడ దిగినవాళ్లు చాలామంది మళ్లీ వాడుతున్నారు' అన్న కార్డే బాగా పనిచేసింది, అంటే మీరు చేస్తే ఇంకొకళ్లు చేస్తారు. రేటు సంగతంటారా, బుక్ చేసేముందే ఫోన్ చేసి షాంపూకి గోడకి బిగించిన డిస్పెన్సర్ ఉందా, తాగేనీళ్లు గాజు సీసాల్లో ఇస్తారా, సోలార్ హీటర్ ఉందా అని అడగండి. ప్లాస్టిక్ స్ట్రాలు వాడం అంటే మాత్రం పడిపోకండి, 2022 జులై 1 నుంచి అవి దేశమంతా బ్యానే. సూటిగా చెప్పినవాళ్లకే నాలుగు డబ్బులు ఎక్కువివ్వండి, నసిగితే వేరే హోటల్ చూసుకోండి.