పడవెక్కి పక్షులు చూడబోతున్న అమ్మడికి

అమ్మడూ,

సెలవుల్లో స్నేహితురాలితో కలిసి చిన్న పడవ తీసుకుని, కాలవల్లో మడుగుల్లో అరుదైన నీటిపక్షులు వెతకబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పిట్టల కోసం చీకటితో లేచే మనిషి మనింట్లో ఇంకొకరు తయారయ్యారని ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నీళ్ళ సంగతి తలుచుకుంటే మాత్రం గుబులుగా ఉంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే రాసి పంపుతున్నాను. కోప్పడినట్టు అనిపించినా పూర్తిగా చదువు.

ముందు లైఫ్ జాకెట్. కాలవే కదా, నడుం లోతే కదా అనొద్దు. నడుం లోతు నీళ్ళ అడుగున మోకాలు దాకా బురద ఉంటుంది, దాని పైన కాళ్ళకి చుట్టుకునే నాచు ఉంటుంది. జాకెట్ మీద, అది తేల్చే బలం ఎంతో చెప్పే అంకె ఒకటి న్యూటన్లలో వేసి ఉంటుంది చూడు. 50 అని ఉంటే అది ఈత వచ్చినవాళ్ళకి ఆసరా మాత్రమే, స్పృహ తప్పిన మనిషి మొహాన్ని నీళ్ళ పైకి తిప్పదు. అలలు లేని నీళ్ళకి 100 ఉన్నది తీసుకో. పట్టీలన్నీ బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజమని నీ స్నేహితురాలికి చెప్పు. జాకెట్ జారి చెవుల దాకా వచ్చిందంటే అది నీ కొలత కాదు. బైనాక్యులర్ తాడు జాకెట్ లోపల ఇరుక్కోకుండా పైనుంచి వేసుకో. పడ్డప్పుడు మెడకి బిగిసేది ఆ తాడే.

పడవ అడుగు వెడల్పుగా, చదునుగా ఉండాలి. ఒకరు తెడ్డు వెయ్యాలి, ఇంకొకరు చూడాలి. చోట్లు మార్చుకోవాలంటే గట్టుకి చేరాకే. ఇంజన్ ఉన్న పడవైతే, నడిపేవాళ్ళు నీళ్ళలో పడగానే ఇంజన్ ఆగిపోయేలా ఒక తాడు ఉంటుంది, దాన్ని ఒంటికి తగిలించుకున్నాకే తాళం తిప్పాలి. లాకుల దగ్గరికీ తూముల దగ్గరికీ అసలు పోవద్దు. పైకి నిద్రపోతున్నట్టు కనిపించే నీళ్ళు అడుగున లాగేస్తుంటాయి. చేతిలో ఇనప గెడ ఉంటే కరెంటు తీగల కింద దాన్ని పడుకోబెట్టు. పడవ తిరగబడితే ఈదుకుంటూ గట్టుకి పోవాలని చూడకు, తిరగబడ్డ పడవనే పట్టుకుని ఉండు. నాచు చుట్టుకుంటే తన్నుకోకు. తన్నుకున్నకొద్దీ బిగుస్తుంది. వెల్లకిలా తేలుతూ కాలు మెల్లగా వెనక్కి తీసుకో.

ఇక పక్షుల విషయం. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే 8×42 బైనాక్యులర్ చాలు. పది రెట్లదైతే పడవ ఊపు కూడా పది రెట్లు కనిపిస్తుంది. 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో, దాన్ని 8తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు దాటుతుంది, కంటికి చేరే వెలుగు కడ్డీ వెడల్పు అంత. తెల్లవారుజామున జమ్ములో నీడల మధ్య చూడ్డానికి ఆ వెలుగు కావాలి. మోచేతులు మోకాళ్ళకి ఆనించి చూడు. ట్రైపాడ్ తెచ్చుకోకు, పడవ కదలికంతా దాని కాళ్ళ గుండా కెమెరాకి ఎక్కుతుంది. ఫోటోకి షటర్ సెకనులో వెయ్యో వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉండనివ్వకు.

ఎక్కడ వెతకాలన్నది అసలు చదువు. నడిమధ్యలో బాతులు, నీటికాకులు ఎలాగూ కనిపిస్తాయి. అరుదైనవి అంచుల్లో ఉంటాయి. జమ్ము ఆగిపోయి నీళ్ళు మొదలయ్యే చోటు, గుర్రపుడెక్క తెప్పకీ ఖాళీ నీళ్ళకీ మధ్య గీత, నీటిమట్టం తగ్గి కొత్తగా బయటపడ్డ బురద పట్టీ. జమ్ము లోపల దాక్కునే క్రేక్ లాంటి చిన్న పక్షులు తొలి వెలుగులో ఆ బురద పట్టీ మీదికి నాలుగడుగులు వేసి, ఏమాత్రం అలికిడైనా లోపలికి పోతాయి. వాన వెలిసి నీళ్ళు దిగుతున్న రోజులు ఇందుకు మంచివి. గాలి గట్టిగా ఉన్న రోజు ఇంట్లోనే ఉండు. జమ్మంతా ఊగుతుంటే అందులో కదిలేది పక్షో ఆకో తేలదు, పడవా నీ మాట వినదు. ఉదయం పడవని తూర్పు వైపు ఉంచుకుని పడమర గట్టు చూడు. వెలుగు నీ వీపు వెనక ఉంటేనే రంగులు నిజం చెబుతాయి.

రెల్లులో దాక్కునే కొంగ జాతి పక్షి బిట్టర్న్ కోసం వెతుకుతావని నాకు తెలుసు, ఎవరైనా ముందు దాన్నే అడుగుతారు. భయపడితే అది ఎగరదు. ముక్కు ఆకాశానికి ఎత్తి, మెడ నిలువుగా సాగదీసి, రెల్లు ఊగితే తానూ ఊగుతుంది. అందుకే ఆకారం కోసం వెతక్కు. నిలువు గీతల మధ్య ఒక పసుపు కన్ను కోసం, రెల్లు గీతలకి కాస్త ఏటవాలుగా ఉన్న ముక్కు కోసం వెతుకు. కొత్తవాళ్ళు పొరబడేది గుడ్డికొంగ దగ్గర. కూర్చున్నప్పుడు అదీ మట్టిరంగు చారలతోనే ఉంటుంది, ఎగిరిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. ఎగిరితే తెలుపు కనిపించిందా, ఆ పక్షిని వదిలెయ్. చిన్న బిట్టర్న్‌లలో పసుపుదానికి ఎగిరేటప్పుడు రెక్కల చివర్లు నల్లగా, మిగతాది లేత పసుపుగా కనిపిస్తుంది. దాల్చినచెక్క రంగుదానికి రెక్క మొత్తం ఒకటే ఎర్రమట్టి రంగు. పెద్ద బిట్టర్న్ అనుకుని చాలామంది రాసుకునేది రాత్రి కొంగ పిల్లని. దాని రెక్కల మీద తెల్లటి చుక్కలుంటాయి. పెద్ద బిట్టర్న్‌కి ఆ చుక్కలుండవు, నెత్తి నల్లగా, బుగ్గ మీద నల్ల మీసం ఉంటుంది.

బురదలో మేసే పెయింటెడ్ స్నైప్ పక్షుల జంట కనిపిస్తే, మెడ ముదురు ఎరుపుతో సొగసుగా ఉన్నది ఆడది. మాసిపోయినట్టున్నది మగది, గుడ్లు పొదిగేదీ అదే. తామరాకుల మీద నడిచే జకానా పక్షుల్లో కూడా పిల్లల్ని సాకేది మగదే. అది రెక్కలు కొంచెం విప్పి వంగి నడుస్తుంటే, రెక్కల కిందనుంచి పొడవాటి వేళ్ళు వేలాడుతున్నాయేమో చూడు. అవి దానివి కావు, చంకల్లో దాచుకున్న పిల్లలవి. అది కనిపిస్తే అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకు. నువ్వు వెళ్ళేదాకా అది పిల్లల్ని కిందికి దించదు.

ఇప్పుడు వెయ్యిసార్లు చెప్పినా తక్కువే అనిపించే మాట. ఇంకో రెండు గజాలు ముందుకి పోదాం అన్న తప్పు ఈ పని పుట్టిన నాటి నుంచీ ఉంది. మంచి కళ్ళున్నవాళ్ళు, పక్షులంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా ఇదే చేస్తారు.

అది ఎలా జరుగుతుందో విను. అరవై గజాల్లో ఏదో కనిపిస్తుంది. అదేనా కాదా అని అనుమానం. పడవని తిన్నగా దాని వైపు తిప్పుతారు. నలభై గజాల దగ్గర పక్షి మేత ఆపి తలెత్తుతుంది. అది మొదటి మాట, ఇక చాలు అని చెప్పడం. జనం దాన్ని ఫోజు అనుకుని ఫోటో తీసుకుంటారు. ముప్పై గజాల దగ్గర మెడ సాగుతుంది, తోక అదురుతుంది, పక్కకి రెండడుగులు వేస్తుంది. అది రెండో మాట. అప్పుడు కూడా తెడ్డు ఆగదు, ఇంతదూరం వచ్చాం కదా అని. మూడో మాట ఉండదు, ఎగిరిపోతుంది. చూసింది పక్షి వెనకభాగం మాత్రమే, దాంతో పేరు తేల్చలేరు.

అది గూళ్ళు పెట్టే కాలమైతే జరిగేది ఇంకా ఘోరం. బుడుబుంగ గూడు నీళ్ళ మీద తేలే నాచుకుప్ప. తీరిగ్గా లేచిపోతే గుడ్ల మీద తడి నాచు కప్పి పోతుంది. తరిమినట్టు పోతే కప్పదు. నాచు కప్పని తెల్ల గుడ్లు నీకు కనిపించాయంటే దాన్ని అదరగొట్టింది నువ్వే అనుకుని, కదిలించకుండా వెనక్కి వచ్చెయ్. మిట్టమధ్యాహ్నం ఎండలో గుడ్డు లోపలిది ఎంతోసేపు బతకదు. కాకులు పడవల వెంట తిరుగుతుంటాయి, ఎక్కడ పక్షి లేచిందో అక్కడ దిగుతాయి. జమ్ముని చీల్చుకుంటూ పోయిన పడవ వెనక ఒక బాట మిగులుతుంది, నువ్వు ఇంటికి వచ్చాక కూడా గద్దకి అది గూటి దాకా దారి చూపిస్తుంది. ఇంజన్ వేగంగా పోనిస్తే లేచే అల చాలు, తామరాకు మీద పెట్టిన జకానా గుడ్లు నీళ్ళ పాలవుతాయి.

నా భయం ఇంకొకటుంది. పడవలు తిరగబడేదీ సరిగ్గా ఆ ఆఖరి రెండు గజాల దగ్గరే. పక్షి కుడి పక్కన ఉంటుంది, ఇద్దరూ కుడివైపే ఒరుగుతారు, జమ్ము అడ్డం వచ్చిందని ఒకరు లేచి నిలబడతారు. కూర్చున్నంతసేపూ బరువు పడవ అడుగునే ఉంటుంది, లేచేసరికి నడుం ఎత్తుకి వస్తుంది. చిన్న పడవ అంత బరువుని ఒక పక్క మొయ్యలేదు. పైగా పక్షులకి పడవ అంటే పెద్ద భయం లేదు, నిలువుగా లేచిన మనిషి ఆకారమంటేనే భయం. లేచి నిలబడ్డావంటే పక్షీ పోతుంది, పడవా పోతుంది. నాకు మాట ఇవ్వు, నీళ్ళ మీద ఉన్నంతసేపూ లేవనని.

మరి దగ్గరగా చూడాలంటే ఏం చెయ్యాలి అంటావు. అనుమానం ఉన్న చోటికి దూరంగానే, గాలి వచ్చే దిక్కున ఆగి, తెడ్డు లోపల పెట్టి గాలికే వదిలెయ్. పడవ దానంతటది మెల్లగా జరుగుతుంది. దాని వైపు తిన్నగా కాకుండా ఏటవాలుగా, దాటిపోతున్నట్టు పోనివ్వు. పక్షి మేత ఆపిందంటే గెడ బురదలో గుచ్చి పడవని ఆపు. లంగరు విసరొద్దు, చప్పుడవుతుంది. అక్కడ కదలకుండా అరగంట, నలభై నిమిషాలు కూర్చో. మాట్లాడాల్సి వస్తే గుసగుసగా మాట్లాడండి, వేలు ఎత్తి చూపించొద్దు, పడవ ముక్కు ఎటుందో అది పన్నెండు గంటలనుకుని గడియారం లెక్కలో చెప్పుకోండి. ఇరవై నిమిషాలు దాటాక మడుగు నిన్ను మర్చిపోతుంది. నీటికోళ్ళు ముందు బయటికి వస్తాయి, అవి ధైర్యంగా తిరుగుతుంటే మిగతావి వస్తాయి. చిన్నప్పుడు చెరువు గట్టు మీద బుడుబుంగ మునిగితే, అది ఎక్కడ తేలుతుందా అని ఊపిరి బిగపట్టి కూర్చునేదానివి. నీకు ఓపిక లేదని మీ అమ్మ అంటుంది కానీ నేను నమ్మను.

కూత రికార్డు పెట్టి పిలవొద్దు. గూడు కాసే పక్షికి అది శత్రువు వచ్చినట్టే, మేత మాని దాని కోసం తిరుగుతుంది. అరుదైన పక్షి గూడు ఎక్కడుందో ఎవరికీ చెప్పొద్దు, ఫోటోతో పాటు చోటు వివరాలు పోకుండా ఫోన్లో లొకేషన్ ఆపెయ్.

చూడగానే పుస్తకం తెరవొద్దు. పుస్తకంలో బొమ్మ చూశాక, చూడనివి కూడా చూసినట్టు అనిపిస్తాయి. ముందు పెన్సిల్‌తో రాయి, పెన్ను తడికి అలుక్కుపోతుంది. టైము, వెలుగు ఎటునుంచి, దూరం, పక్కనున్న తెలిసిన పక్షితో పోలిస్తే ఎంత, ముక్కు రంగు, కాళ్ళ రంగు, తోక కింద తెలుపుందా. క్రేక్‌లలో ముక్కు మొదట్లో ఎర్ర మచ్చ ఉందా లేదా అన్న ఒక్క విషయం మీద రెండు జాతులు విడిపోతాయి. బైలాన్ క్రేక్‌కి ముక్కంతా ఆకుపచ్చగా ఉంటుంది, లిటిల్ క్రేక్‌కి మొదట్లో ఎరుపుంటుంది. కనిపించలేదా, కనిపించలేదనే రాయి. తేలని పక్షిని తేలలేదని రాసుకోవడంలో చిన్నతనం లేదు.

తిరిగొచ్చాక ఒళ్ళు నొప్పులున్నా సరే, పడవ అడుగు, తెడ్డు, గెడ, తాళ్ళు, చెప్పులు అన్నీ చూసి నాచు ముక్కలు ఏరెయ్. పడవలో నిలిచిన నీళ్ళు ఆ మడుగు గట్టు మీదే పారబొయ్. గుర్రపుడెక్క చిన్న ముక్క వేరే చెరువులో పడితే చాలు, అనువైన ఎండలో రెండు వారాల్లోపే రెట్టింపవుతుంది. నీళ్ళ మీది వెలుగంతా అదే తాగేస్తుంది, కింద చేపలుండవు, చేపల కోసం వచ్చే పక్షులూ ఉండవు. పూర్తిగా ఆరాక ఇంకో రెండు రోజులు ఎండనిచ్చి, ఆ తరవాతే ఇంకో నీళ్ళలో దించు.

బయల్దేరే ముందు ఏ కాలవ మీదుగా, ఏ మడుగు దాకా, ఎన్ని గంటలకి వెనక్కి అన్నది కాగితం మీద రాసి మీ అమ్మకి ఇవ్వు. చెప్పిన టైము దాటి గంటైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా ఆ కాగితం మీదే రాయి. ఫోన్ నీళ్ళు చొరని సంచిలో పెట్టి జాకెట్‌కి కట్టుకో, ఈల మెడలో కాకుండా జాకెట్ జిప్పుకి తగిలించు. జాకెట్ కొన్నాక దాని మీద అంకె ఎంతుందో నాకు చెప్పు.

ఉంటాను,
మామయ్య