పాత సీరియల్ వెతకాలంటే ముందు ఛానెల్ గుర్తు తెచ్చుకోండి

ప్రశ్న: మాది నెల్లూరు, పెళ్లయ్యాక చెన్నైలో వలసరవాక్కంలో స్థిరపడ్డాం. మోకాలి ఆపరేషన్ అయిన అమ్మ రెండు నెలలు నా దగ్గరే ఉంటుంది. మేమిద్దరం ఆఫీసుకి వెళ్తే పగలంతా ఒక్కతే. "స్రవంతి, ఇంద్ర ఉంటారే ఆ సీరియల్ పెట్టవే, పోలీసు ఆర్కే నాయుడు కూడా వస్తాడు అందులో" అని రోజూ అడుగుతోంది. పేరు గుర్తులేదట. నేను వెతికితే ముక్కలు ముక్కలుగా ఏవో వస్తున్నాయి. మొదటి నుంచి వరసగా ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: అమ్మగారు అడిగేది ఒక సీరియల్ కాదండీ, రెండు. స్రవంతి, ఇంద్ర ఉండేది 'చక్రవాకం'. ఆర్కే నాయుడు వచ్చేది 'మొగలిరేకులు'. రెండూ జెమినీ టీవీవే, రెండింటికీ దర్శకురాలు మంజులా నాయుడే, చక్రవాకం 2003లో మొదలై 2008 దాకా నడిస్తే ఆ ఏడాదే మొగలిరేకులు మొదలై 2013 దాకా సాగింది, పైగా ఇంద్రగా వేసిన నటుడు ఇంద్రనీల్ రెండింటిలోనూ ఉన్నాడు. పదేళ్లు వరసగా చూసినవాళ్లకి రెండు కథలూ ఒకటిగా కలిసిపోవడం మామూలే. మా అత్తయ్య కూడా ఇలాగే కలిపి చెబుతుంది. ఆవిడ ముందు తప్పు దిద్దకుండా మొదట చక్రవాకం పెట్టండి, అది అయ్యాక రెండోది.

ఇక ఎక్కడ అంటే, పాత సీరియల్ విషయంలో నేను అందరికీ ఒకటే చెబుతాను. పేరు కంటే ముందు ఛానెల్ కనుక్కోండి. ఎందుకంటే చాలా సీరియళ్ల హక్కులు వేసిన ఛానెల్ దగ్గరే ఉండిపోతాయి, ఆ ఛానెల్‌కి సొంత యాప్ ఉంటే అక్కడే పెట్టుకుంటుంది. జెమినీ మన చెన్నై సన్ గ్రూపుది కాబట్టి సన్ నెక్స్ట్‌లో చూడాలి. ఈటీవీ సీరియళ్లకి ఈటీవీ విన్, జీ తెలుగువాటికి జీ5. మా టీవీని స్టార్ వాళ్లు 2015లో తీసుకున్నారు, ఆ తర్వాత హాట్‌స్టార్, జియోసినిమా కలిసి 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ అయ్యాయి కాబట్టి మా టీవీ సీరియల్ పాత హాట్‌స్టార్ లింకుతో రాకపోతే కంగారుపడకుండా కొత్త యాప్‌లో వెతకండి.

మీ ఇంట్లో టీవీ తమిళంలో పెట్టుకుని ఉంటారు కదా, సన్ నెక్స్ట్‌లో కూడా తమిళమే ఎంచుకుని ఉంటే ముందు వరసలో అన్నీ తమిళ సీరియళ్లే కనిపిస్తాయి, తెలుగువి లేవేమో అనుకుని చాలామంది అక్కడే మూసేస్తారు. సెట్టింగుల్లో భాష తెలుగుకి మార్చి అప్పుడు వెతకండి. దాంతోపాటు యూట్యూబ్‌లో జెమినీ టీవీ సొంత ఛానెల్ తెరిచి, దాని ప్లేలిస్టుల్లో చూడండి. పైన ఉండే వెతికే పెట్టెలో పేరు కొడితే వచ్చేవి వేరు, ఛానెల్ లోపలికి వెళ్లి ప్లేలిస్టులు చూస్తే దొరికేవి వేరు. మీకు ముక్కలుగా వస్తున్నది అందుకే. ఎవరెవరో ఎక్కించిన వీడియోలు ముందు వస్తాయి, హక్కులవాళ్ల కంట పడకుండా బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు, చుట్టూ ఫ్రేమ్ పెట్టి చిన్నది చేస్తారు, గొంతులు సన్నగా వినిపించేలా వేగం పెంచేస్తారు. కళ్లజోడు పెట్టుకుని సోఫాలో కూర్చుని చూసే పెద్దావిడకి అది శిక్షే. అవి వద్దు.

డబ్బు కట్టే ముందు ఒక్క పని తప్పకుండా చేయండి. మొదటి ఎపిసోడ్ ఒక్కటే కాదు, పదో ఎపిసోడ్, యాభయ్యోది, చివరిది కూడా జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. నేను ఒక యాప్‌లో ఇలా చూడకుండా ఏడాదికి కట్టేశాను. తీరా చూస్తే మధ్యలో నెలల తరబడి ఎపిసోడ్లే లేవు. అత్తయ్య "ఆ పిల్ల ఏమైంది, ఆ పిల్ల ఏమైంది" అని అడుగుతుంటే నాకు చెప్పడానికి ఏమీ లేదు. చాలా బాధపడ్డాను. అందుకే ముందు నెల రోజులకే కట్టి చూడండి.

ఇంకొక మాట. మీరు ఆఫీసులో ఉండగా ఆవిడ రిమోట్‌తో అవస్థ పడకుండా ఉదయం వెళ్లేటప్పుడే ప్లేలిస్టు పెట్టి వెళ్లండి. విడి వీడియో పెడితే అది అయిపోగానే యూట్యూబ్ తన ఇష్టం వచ్చినది మొదలుపెడుతుంది, ప్లేలిస్టు అయితే తర్వాతి ఎపిసోడే వస్తుంది. కొన్ని ప్లేలిస్టుల్లో కొత్తవి పైన, పాతవి కింద ఉంటాయి, అలాంటప్పుడు మీరే వరస మార్చి మీ ఖాతాలో ఒక జాబితా చేసి ఉంచండి. గంట పని, కానీ రెండు నెలలు ఆవిడకి హాయి.

ప్రశ్న: అంబత్తూరులో ఉంటాం. మా అమ్మమ్మకి రాధిక 'పిన్ని' కావాలి. వెతికితే తమిళ 'చిత్తి', అదీ ఈమధ్య వచ్చిన రెండోది కనిపిస్తోంది. ఆమెకి తమిళం వచ్చు, కానీ "నేను చూసింది తెలుగులో" అని ఒప్పుకోవడం లేదు.

జవాబు: అమ్మమ్మగారి పట్టుదల న్యాయమే. ఇరవై ఏళ్ల కింద విన్న గొంతు వేరే భాషలో వింటే మనిషే మారిపోయినట్టు ఉంటుంది. 'చిత్తి' 1999 నుంచి 2001 దాకా సన్ టీవీలో వచ్చింది, రాధిక గారి సంస్థ రాడాన్ తీసింది, దాన్నే తెలుగు మాటలతో జెమినీలో 'పిన్ని'గా వేశారు. 2020లో 'చిత్తి 2' మొదలైంది కాబట్టి ఇప్పుడు ఏది కొట్టినా కొత్తదే ముందుకొస్తోంది. డబ్బింగ్ సీరియళ్లతో వచ్చే చిక్కు ఇదే, తమిళ పేరుతో వెతికితే తెలుగుది దొరకదు. మీరు పేరుని తెలుగు లిపిలోనే కొట్టండి, పక్కన రాధిక, సీరియల్ అని కలపండి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు రెండు మూడు రకాలుగా రాసి చూడండి, ఎక్కించినవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. ఈ సీరియల్‌కి ఛానెల్‌తో పాటు తీసిన సంస్థ కూడా ముఖ్యం, అందుకని యూట్యూబ్‌లో రాడాన్ వాళ్ల ఛానెల్‌ లోపల కూడా చూడండి.

తీసినవాళ్ల దగ్గరే సీరియల్ ఉండిపోవడం మన తెలుగులోనూ ఉంది. 'అమృతం' 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది, కానీ నిర్మాత గుణ్ణం గంగరాజు గారి జస్ట్ ఎల్లో సంస్థే దాన్ని యూట్యూబ్‌లో పెట్టింది. ఎంతమంది ఇళ్లలో అన్నం తింటూ ఇప్పటికీ అదే నడుస్తోందో నాకు వచ్చే ఉత్తరాల్లోనే తెలుస్తుంది. పాత సీరియల్‌ని దాచుకుని, శుభ్రంగా వరసలో పెట్టి అందరికీ ఇచ్చినవాళ్లకి మనం రుణపడి ఉన్నాం. మిగతా నిర్మాతలూ అలా చేస్తే బాగుండు.

ప్రశ్న: చిన్నప్పుడు ఈటీవీలో అచ్యుత్, యమున నటించిన 'అన్వేషిత' చూసి రాత్రి నీళ్లు తాగడానికి కూడా లేచేదాన్ని కాదు. మా పాపకి చూపించాలని ఉంది. టెలిగ్రామ్‌లో మొత్తం ఉందని ఒకరు లింకు పంపారు, నొక్కితే ఏదో యాప్ వేసుకోమంటోంది. వేసుకోవచ్చా? (పెరంబూరు)

జవాబు: వద్దు. దయచేసి ఆ లింకు ఇప్పుడే తీసేయండి. ప్లే స్టోర్‌లో కాకుండా బయటి నుంచి వేసుకునే యాప్ మీ మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడగొచ్చు, వాటిలోనే మీ బ్యాంకు ఓటీపీలు ఉంటాయి. సీరియల్ కోసం ఖాతా ఖాళీ చేసుకోవద్దు. ఈటీవీ విన్‌లో వెతకండి, ఈటీవీ వాళ్ల యూట్యూబ్ ఛానెళ్లలో చూడండి. అక్కడ లేకపోతే యాప్‌లో ఫిర్యాదులు రాసే చోట "ఫలానా సీరియల్ పెట్టండి" అని రాయండి. ఎంతమంది అడుగుతున్నారో వాళ్లకి తెలియాలి కదా.

ఆ కాలం సీరియళ్లు కొన్ని ఎక్కడా కనిపించకపోవడానికి కారణం కూడా చెబుతాను. అప్పట్లో అంతా టేపుల మీదే ఉండేది. టేపు ఖరీదైనది, పాతదాని మీదే కొత్తది రికార్డ్ చేసేవాళ్లు, మిగిలినవి చెమ్మకి బూజు పట్టేవి. బాగున్న టేపుని కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే అది ఆడే మెషిన్ ఉండాలి, ఒక్కో గంట టేపుకి గంట సేపు మనిషి కూర్చోవాలి. మీ ఇంట్లో గానీ చుట్టాల ఇంట్లో గానీ సీరియల్ రికార్డ్ చేసిన వీడియో క్యాసెట్ ఉంటే పాత సామాను వాడికి వేయకండి.

ప్రశ్న: దూరదర్శన్ పాత కార్యక్రమాలు ఎక్కడ? ముఖ్యంగా శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్'. (టి.నగర్)

జవాబు: దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి 2024 నవంబరులో 'వేవ్స్' అనే యాప్ తెచ్చింది, ముందు అందులో చూడండి. తర్వాత యూట్యూబ్‌లో ప్రసార భారతి ఆర్కైవ్స్ ఛానెల్. పిల్లలతో కలిసి చూస్తే ఆ ఊరిని కర్ణాటకలోని ఆగుంబెలో తీశారని చెప్పండి, సెలవుల్లో తీసుకెళ్లమని అడుగుతారు.