బేస్‌బాల్ అంపైర్ బాల్స్, స్ట్రైక్స్ లెక్క తప్పకుండా ఎలా పెట్టుకుంటాడు?

స్కోర్‌బోర్డు లేని లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) మైదానంలో కూడా అంపైర్ ‘టూ, వన్’ (రెండు బాల్స్, ఒక స్ట్రైక్) అని టక్కున ఎలా చెప్తున్నాడు, ఎడమచేతిలో తిప్పుతున్నదేమిటి అని అడిగారు. దాన్ని ఇండికేటర్ అంటారు. చూసేవాళ్లు క్లిక్కర్ అంటుంటారు. అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ లేదా స్టీలు బిళ్ల. అంచున పళ్లున్న చిన్న చక్రాలు: బాల్స్‌కి ఒకటి, స్ట్రైక్స్‌కి ఒకటి, అవుట్లకి ఒకటి. నాలుగోది ఉంటే ఇన్నింగ్స్‌కి. బాల్ అంటే కొట్టదగ్గ చోటుకి రాక బ్యాటర్ వదిలేసిన బంతి; స్ట్రైక్ అంటే అతను బ్యాట్ ఊపి తప్పినది, లేదా కొట్టదగ్గ చోటుకి వచ్చినా వదిలేసినది. స్ట్రైక్, అవుట్ సైగలు కుడిచేత్తో చెయ్యాలి కాబట్టి ఇది ఎప్పుడూ ఎడమచేతిలోనే ఉండాలి.

క్రికెట్ అంపైర్‌లా జేబులో ఆరు రాళ్లు వేసుకుంటే ఇక్కడ కుదరదు. నాలుగు బాల్స్ అయితే వాక్ (బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళ్తాడు), మూడు స్ట్రైక్స్ అయితే అవుట్. రెండు లెక్కలూ విడివిడిగా నడవాలి.

కొత్తవాళ్లు తడబడేది చక్రం ఎప్పుడు తిప్పాలన్న దగ్గరే. బంతి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని పట్టేవాడు) గ్లవ్‌లో పడగానే తిప్పెయ్యకూడదు. ముందు నోటితో నిర్ణయం, తర్వాత సైగ, ఆట కాస్త సద్దుమణిగి బంతి పిచర్ (బంతి వేసేవాడు) చేతికి తిరిగి వెళ్తుండగా చక్రం. తొందరపడితే చెక్ స్వింగ్ (బ్యాట్ ఊపబోయి మధ్యలో ఆపెయ్యడం) దగ్గర దొరికిపోతారు. మీరు బాల్ అన్నారు, క్యాచర్ అప్పీల్ చేశాడు, బేస్ దగ్గర నిలబడే రెండో అంపైర్ (బేస్ అంపైర్) ‘స్వింగ్ చేశాడు’ అన్నాడు. అప్పుడది స్ట్రైక్. ఈలోపే బాల్ చక్రం తిప్పేసి ఉంటే వెనక్కి తిప్పి, రెండోది ముందుకు తిప్పాలి. ఆ గాభరాలోనే లెక్క పోతుంది.

ఫౌల్ (గీతల బయటికి కొట్టిన బంతి) ఇంకో గుంట. రెండు స్ట్రైక్స్ వచ్చేదాకా ఫౌల్‌కి స్ట్రైక్ వేస్తాం, ఆ తర్వాత ఎన్ని ఫౌల్స్ కొట్టినా చక్రం ముట్టుకోకూడదు. మినహాయింపులు రెండు: బంట్ (బ్యాట్ ఊపకుండా మెల్లగా తగిలించడం) ఫౌల్ అయినా, బ్యాట్‌కి రాసుకున్న బంతిని క్యాచర్ నేరుగా పట్టేసినా (ఫౌల్ టిప్) మూడో స్ట్రైకే. తల్లిదండ్రులు వాదనకి దిగేది కూడా ఇక్కడే: వాళ్లు పిచ్ కౌంట్‌తో దీన్ని కలిపేస్తారు. పిచ్ కౌంట్ అంటే పిచర్ మొత్తం ఎన్ని బంతులు వేశాడన్నది. లిటిల్ లీగ్‌లో 9–10 ఏళ్ల పిల్లలకి రోజుకి 75, 11–12 ఏళ్లవాళ్లకి 85. అది చూసుకునేది స్కోరర్. ఫౌల్స్ అన్నీ అందులో పడతాయి, మన చక్రంలో పడవు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు సున్నాకి తేవడం మర్చిపోవడం. బ్యాటర్ కొట్టి పరుగెత్తాడంటే అందరి కళ్లూ ఆటమీదే ఉంటాయి. కొత్త బ్యాటర్ వచ్చేసరికి పాత లెక్క అలాగే ఉంటుంది. అందుకే సున్నా దగ్గర చేతికి తగిలే గాటున్న ఇండికేటర్ కొనుక్కోండి, చూడకుండానే తెలుస్తుంది. ఒకవేళ బ్యాటింగ్ మధ్యలో బేస్ మీదున్న రన్నర్ అవుటై ఇన్నింగ్స్ ముగిస్తే, అదే బ్యాటర్ తర్వాతి ఇన్నింగ్స్‌లో సున్నా నుంచి మొదలుపెడతాడు. మధ్యలో పించ్ హిట్టర్ (బదులుగా వచ్చే బ్యాటర్) వస్తే మాత్రం పాత లెక్కే కొనసాగుతుంది.

మేజర్ లీగ్‌లో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఇప్పుడు బంతి వెయ్యకుండానే లెక్క మారొచ్చు. 2023లో వచ్చిన పిచ్ క్లాక్ (బంతి వెయ్యడానికి గడువు చూపే గడియారం) ప్రకారం పిచర్ ఆలస్యం చేస్తే బాల్, బ్యాటర్ ఆలస్యం చేస్తే స్ట్రైక్.

లెక్కని పైకి చెప్పేటప్పుడు బాల్స్ ముందు, స్ట్రైక్స్ తర్వాత. ఎడమచేతి వేళ్లు బాల్స్‌కి, కుడిచేతివి స్ట్రైక్స్‌కి. జపాన్ ప్రొఫెషనల్ లీగ్‌లో 2010కి ముందు స్ట్రైక్సే ముందు చెప్పేవాళ్లు. ‘త్రీ, టూ’ని పిడికిళ్లతో చూపించకండి, అవుట్ అనుకుంటారు. ప్రతి బంతికీ చెప్పక్కర్లేదు గానీ, రెండు స్ట్రైక్స్ లేదా మూడు బాల్స్ వచ్చాక, ఆట ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడు తప్పక చెప్పాలి. ఇలా చెప్పడం మీకే రక్ష: తప్పుంటే క్యాచరో కోచో వెంటనే అంటాడు.

అయినా లెక్క పోతే ఊహించి చెప్పకండి. ‘టైమ్’ అని ఆట ఆపి బేస్ అంపైర్‌తో మాట్లాడండి (అతని చేతిలోనూ ఇండికేటర్ ఉండాలి), తేలకపోతే స్కోరర్ పుస్తకం చూడండి. మేజర్ లీగ్ నియమాల్లో తర్వాతి బ్యాటర్‌కి ఒక్క బంతి పడ్డా వెనకటి లెక్క ఇక దిద్దరు. ఇంకొకటి: వేరేవాళ్ల ఇండికేటర్ అరువు తీసుకుంటే చక్రాల వరస చూసుకోండి, కొన్నిట్లో స్ట్రైక్స్ చక్రం ముందుంటుంది.