బొమ్మ వస్తూ పోతూ ఉంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

టీవీ బాగానే వస్తూ వస్తూ ఉన్నట్టుండి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతోందని, మాట తెగిపోతోందని రాశావు. నిచ్చెన వేసుకుని డిష్ తిప్పకు, అది ఆఖరి పని. ముందు ఒక కాగితం తీసుకుని ఎప్పుడు పోతోంది, ఏ చానల్లో పోతోంది, అప్పుడు వానా, గాలా, ఎండా అన్నది నాలుగైదు రోజులు రాయి. ఇలాంటి రోగానికి వేళే ఆనవాలు.

అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడి ముందే తెలిసేది. డిజిటల్లో అలా కాదు. సిగ్నల్లో తప్పులు దిద్దుకోగలిగినంతసేపు సెట్‌టాప్ బాక్సు బొమ్మని నిక్షేపంలా చూపిస్తుంది, హద్దు దాటగానే చేతులెత్తేస్తుంది. కాబట్టి మెనూలో సిగ్నల్ పేజీ తీసి చూడు. స్ట్రెంగ్త్ నిండుగా ఉందని మురిసిపోకు, చూడాల్సింది క్వాలిటీ, అంటే సిగ్నల్ ఎంత శుభ్రంగా వస్తోందన్నది. బాగున్నప్పటి అంకె కూడా ఆ కాగితం మీదే వేసుకో.

జోరువానలో పోయి, వెలియగానే వస్తే తప్పు నీ ఇంట్లో లేదు. డిష్‌లు పట్టే 12 గిగాహెర్ట్జ్ దరిదాపు తరంగాల్ని వాన మింగేస్తుంది. చిన్న జల్లుకే పోతుంటే మాత్రం అనుమానించాలి. గాలికి పోతే వదులైన బోల్టులో, ఏపుగా పెరిగి అడ్డొచ్చిన కొమ్మో. మార్చి, సెప్టెంబరు దరిదాపుల్లో కొన్నాళ్లు పగలు ఇంచుమించు ఒకే వేళకి కాసేపు పోతే, ఉపగ్రహం వెనక్కి సూర్యుడొచ్చాడన్నమాట. దానికి మందు లేదు, అక్కర్లేదు కూడా.

వాన వెలిశాక కూడా రోజంతా సతాయిస్తే, నన్నడిగితే, డిష్ దగ్గర కేబుల్ కొసనున్న కనెక్టర్‌లో నీరు చేరింది. ఎక్కువ ఇళ్లలో దొంగ అక్కడే దొరుకుతాడు. ముందు బాక్సు ప్లగ్గు పీకెయ్, ఎందుకంటే డిష్ ముందుండి సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ అనే బుడిపెకి కరెంటు ఈ కేబుల్లోంచే వెళ్తుంది. కనెక్టర్ విప్పి మధ్య రాగితీగ చూడు. మెరుస్తూ ఉండాలి. ఆకుపచ్చగానో నల్లగానో ఉంటే తడి పట్టినట్టే. చుట్టూ ఉన్న జల్లెడ తీగలో ఒక్క వెంట్రుకంత పోగు మధ్య తీగకి తగిలినా చాలు, పని చెడుతుంది. శుభ్రమైన రాగి కనబడేదాకా కత్తిరించి, కొత్త కనెక్టర్ బిగించి, నీరు చొరని రబ్బరు టేపు చుట్టు. కనెక్టర్‌కి కాస్త దిగువన కేబుల్ని వంపుగా వేలాడదియ్యి, నీరు అక్కడే కారిపోతుంది.

కొన్ని చానళ్లే పోతున్నా మళ్లీ ఆ కేబులే గుర్తుకు రావాలి. బాక్సు కొన్నింటికి 13 వోల్టులు, కొన్నింటికి 18 పంపుతుంది. తుప్పు వల్ల దారిలో వోల్టేజీ పడిపోతే ఆ 18 వాళ్లు ముందు మాయమవుతారు.

టీవీ పెట్టిన గంటకి మొదలై, ఆపి చల్లార్చాక బాగుపడితే బాక్సునో దాని అడాప్టర్‌నో అనుమానించు. అదే తరహా ఇంకో అడాప్టర్ పెట్టి చూస్తే తేలిపోతుంది. ఏదైనా సరే, ఒకసారికి ఒక్కటే మార్చు.

ఇవన్నీ అయ్యాకే డిష్ జోలికి వెళ్లు, మేడ తడిగా ఉంటే అదీ వద్దు. ఇప్పుడున్న చోట పెన్సిల్‌తో గీత గీసుకో. ఒక డిగ్రీ పక్కకి జరిగినా క్వాలిటీ పడిపోతుంది కాబట్టి వెంట్రుకవాసి కదిపి ఆగు, అంకె నిలవడానికి బాక్సుకి కాస్త సమయం పడుతుంది. కింద టీవీ ముందు మీ అమ్మని కూర్చోబెట్టు. కేకేసి చెప్పడంలో మా అక్కకి సాటి లేరు.

— మామయ్య